వంకర ఒడ్డు

పొక్లెయిన్ నడపడంలో ఆయన్ని మించినవాడు లేడు. తవ్విన కాలవ ఏదైనా దారం పట్టి గీసినట్టుండేది. అందుకే అందరూ ఆయన్ని 'దారం' అనేవారు. ఊరి పల్లంలో ఉన్న చిత్తడి నేలని ముప్ఫై ఏళ్ళ కిందట మట్టిపోసి చదును చేసిందీ ఆయనే. అప్పటినుంచి గట్టి వాన పడితే చాలు, నీళ్ళు పోయే చోటు లేక దిగువ వీధి ఇళ్ళల్లోకి వచ్చేవి.

ఇప్పుడు ఆ మట్టి తీసేసి మళ్ళీ చిత్తడి నేల చెయ్యాలన్నారు. పని చేయించేది ఆయన కోడలు, నీటిపక్షుల గురించి చదువుకున్న పిల్ల. పూడ్చిన చేతులే తవ్వితే బావుంటుందని ఆమే అడిగింది. ఆయనకి లోపల ముల్లు గుచ్చుకున్నట్టయింది గాని, కాదనలేకపోయాడు.

మొదటి వారం ఒక ఒడ్డు తీర్చి, మెప్పు కోసం నిలబడ్డాడు. కోడలు చూసి, బావుంది గానీ ఇలా వద్దంది. ఒడ్డు ఎన్ని వంకరలు తిరిగితే అన్ని రకాల పిట్టలకి చోటు. లోతు కూడా పాదం మునిగేంతతో మొదలై మెల్లగా దిగాలి. ఆయన మళ్ళీ తవ్వాడు. వంకరలొచ్చాయి, కానీ అన్నీ ఒకే కొలత. మూడోసారీ అంతే.

"మామయ్యగారూ, మీకు తప్పు చెయ్యడం చేతకావడం లేదు," అంది కోడలు, నవ్వాపుకుంటూ.

సంగతి తెలిసి ఆయన భార్య మర్నాడు క్యారేజీతో వచ్చి, క్యాబిన్‌లో ఆయన పక్కన ఇరుక్కుని కూర్చుంది. కూర్చున్నది ఊరుకుందా? పెళ్ళయిన కొత్తలో అలకల దగ్గర ఎత్తుకుని, ఆడపడుచు పట్టుకెళ్ళి తిరిగివ్వని కుట్టుమిషను దాకా వచ్చింది. ఆయన జవాబు చెప్పబోతే బకెట్ ఎడమకి పోయేది, ఒళ్ళు మండితే కుడికి. మధ్యాహ్నానికి ఆ ఒడ్డు చూసుకుని తల పట్టుకున్నాడు. కోడలు మాత్రం దాని వెంట రెండుసార్లు నడిచొచ్చి, అత్తగారి చేతులు పట్టుకుంది.

"అత్తయ్యా, రేపు కూడా రాగలరా?"

"ముప్ఫై ఏళ్ళ సరుకుందమ్మా. ఎంత కావాలంటే అంత తవ్విస్తాను."

వానలొచ్చాయి. దిగువ వీధివాళ్ళు అలవాటు కొద్దీ మంచాల కోళ్ళ కింద ఇటుకలు పెట్టుకున్నారు. నీళ్ళు వీధి మొదటిదాకా వచ్చి, పక్కకి తిరిగి, పల్లంలోకి దిగిపోయాయి.

వానలు తెరిపిచ్చాక ఒక మూల పని మిగిలింది. ఆయన యంత్రం ఎక్కబోతూ ఆగిపోయాడు. యంత్రం నడిచిన జాడలో, ఎండిన బురద మీద నాలుగు గుడ్లు. ఎర్రకాళ్ళ పిట్ట ఒకటి ఆయన్నే చూస్తూ అరుస్తోంది. పనెందుకు ఆగిందని, యంత్రం పాడైందా అని కాంట్రాక్టరు ఫోన్ చేశాడు.

"యంత్రం బానే ఉందండీ. దారిలో పురిటిల్లుంది."

మూడు వారాలు పైనే ఆగాడు. పిల్లలు బయటికొచ్చిన పొద్దున దిగువ వీధంతా ఒడ్డున చేరింది. తడబడే పొడుగుకాళ్ళతో అవి నీళ్ళ వైపు పరిగెడుతుంటే, ఆయన పక్కనున్న ఆ వీధి టైలరమ్మతో నెమ్మదిగా అన్నాడు:

"దీన్ని అప్పట్లో పూడ్చింది నేనే."

"తెలుసు. గోడల మీద నీటిమరక చూసినప్పుడల్లా మిమ్మల్నే తిట్టుకునేవాళ్ళం," అంది ఆమె. "ఇక మానేస్తాంలెండి. కాస్త పక్కకి జరగండి, పిల్లలు కనపడ్డం లేదు."

ఆయన జరిగి, ఆమెకి చోటిచ్చాడు.