జ్ఞానస్నానానికి జత నత్తలు

సిమాంగ్ పదకొండు మంది పిల్లలకు జ్ఞానతల్లి. బొహోల్ దీవిలో ఆ లోయలో ఏ ఇంట బిడ్డ పుట్టినా, చర్చిలో జ్ఞానస్నానానికి ఎత్తుకోవలసింది ఆవిడే. ఎత్తుకున్నాక ఉత్త చేతులతో పోకూడదు. కోడిపెట్టను ఇవ్వాలి. ఆవిడకున్నవి నాలుగే పెట్టలు. ఒక్కదాన్నీ వదులుకునే మనసు లేదు.

అలాంటి రోజుల్లో పట్నం నుంచి ఒకాయన బకెట్లో బంగారు రంగు నత్తలు తెచ్చాడు. సముద్రాల అవతలి సరుకట, పెంచితే మాంసమే మాంసమట. సిమాంగ్ వాటిని తొట్టిలో వేసింది. నెల తిరగకుండానే తొట్టి నిండింది. ఇక జ్ఞానస్నానానికి కోడి ఎందుకు? ఇంటికో జత నత్తలు, పైన అరిటాకు, దాని మీద ఒక పువ్వు. తల్లులంతా మురిసిపోయారు.

మూడేళ్లు గడిచేసరికి ఆ నత్తలు లోయలోని పొలాలన్నీ ఎక్కేశాయి. పొద్దున నాటిన నారు మర్నాటికి మాయం. కాడలకు గులాబీ రంగు గుడ్లు మాత్రం గుత్తులు గుత్తులుగా మిగిలేవి.

ఇవాళ నాట్ల వంతు సిమాంగ్‌ది. ఆ ఊళ్లో ఒకరి పొలంలో అందరూ దిగి నాటాలి, పొలం వాళ్లు అన్నం పెట్టాలి. నారు ముదిరిపోతోంది, ఇంకో రెండు రోజులు ఆగితే పశువులకు వేసుకోవలసిందే. సిమాంగ్ తెల్లవారకముందే కుండెడు అన్నం వండి గట్టు మీద నిలబడింది.

ఆడవాళ్లు వచ్చారు. నాటడానికి కాదు. తలా ఒక బకెట్ తెచ్చి ఆవిడ కాళ్ల ముందు పెట్టారు. బకెట్ల నిండా నత్తలు.

"ఇదుగో కుమారే, నువ్విచ్చిన కానుక," అంది అందరిలోకీ నోరున్న పురింగ్. బిడ్డ తల్లీ జ్ఞానతల్లీ ఒకరినొకరు 'కుమారే' అనే పిలుచుకుంటారు. "రెండిచ్చావు, రెండొందలు తెచ్చాను. లెక్క తక్కువైందని అనకు."

"కానుక వెనక్కి ఇస్తారటే ఎవరైనా?"

"నా పొలం తిన్న కానుకని ఇంకేం చేసుకోమంటావే? ముందు నువ్వు తిను. తిన్నాకే బురదలో దిగుతాం."

సిమాంగ్ మూడేళ్లుగా ఊరంతా పంచింది కానీ తను ఒక్కటీ నోట పెట్టలేదు. పురింగ్ తన ఇంట్లో కొబ్బరిపాలతో వండి తెచ్చిన నత్తొకటి ఆవిడ చేతిలో పెట్టింది. సిమాంగ్ నమిలింది. ఎంత నమిలినా తెగలేదు. చెప్పు అంచు కొరికినట్టుంది.

"ఎట్లా ఉంది?" అంది బకెట్ తెచ్చినవాళ్లలో ఒకతె, లోలెంగ్, ముసిముసి నవ్వుతో.

మింగలేక కక్కలేక సిమాంగ్ కళ్లల్లో నీళ్లొచ్చాయి. "తప్పంతా నాదే," అంది చివరికి. "పెట్టల్ని దాచుకోవాలని మిమ్మల్ని ముంచాను. ఇంత రుచి లేనిదాన్ని అందరికీ అంటగట్టాను. మీరు తినలేక కాలువలో పారేసి ఉంటారు, అట్లాగే పొలాలకెక్కాయి."

లోలెంగ్ నేల చూపులు చూసింది.

"నేను అన్నీ పారెయ్యలేదు," అంది మెల్లగా. "కొండవతల మా ఆడబిడ్డ కొడుకు జ్ఞానస్నానానికి ఇచ్చాను. కోడి ఎందుకులే అనుకున్నాను."

పురింగ్ గిరుక్కున ఆవిడ వైపు తిరిగింది. తిట్టబోయి ఆగిపోయింది. ముఖం కందింది. "నేను మూడు ఇళ్లకి ఇచ్చాను," అంది.

వెనకున్న వాళ్లు ఒక్కొక్కరే కొండవతల ఊళ్ల పేర్లు చెప్పడం మొదలుపెట్టారు. ఒకావిడైతే పక్క దీవికి పడవలో పంపింది. సిమాంగ్‌కి ఏడుపు పోయి నవ్వొచ్చింది, నవ్వితే ఏమంటారోనని పెదవి కొరుక్కుంది.

అప్పుడే కొండదారి మీద ఎవరో ఆడవాళ్లు దిగి వస్తూ కనిపించారు. తలల మీద బకెట్లున్నాయి.

"మా ఆడబిడ్డే!" అంది లోలెంగ్, గుండె మీద చెయ్యి వేసుకుని.

"నిలబడి చూస్తారేం? దిగండే బురదలోకి!" పురింగ్ పావడా ఎగ్గట్టి ముందు దూకింది. "టోపీలు కిందికి లాగండి, ఎవరూ తల ఎత్తకండి!"

అందరూ వరుసగా వంగారు. ఆ లోయలో నాట్లు ఎన్నడూ అంత తొందరగా సాగలేదు. కొండ దిగినవాళ్లు గట్టు చేరేసరికి సిమాంగ్ పొలం సగానికి పైగా పచ్చబడింది. ఆవిడ గట్టు మీద ఒక్కతే నిలబడి, గరిటె చేత్తో పట్టుకుని, వచ్చినవాళ్లకు ఎదురెళ్లింది.

"రండి తల్లీ, నేనే మొదలుపెట్టాను. ముందు అన్నం తినండి, తర్వాత నన్ను తిట్టండి."