ఉతికేసిన సాక్ష్యం

లాండ్రీ ఆయనకు మరక కనబడితే చెయ్యి ఊరుకోదు. ఆరేలోపే కడిగెయ్యాలన్నది ఆయన వృత్తిధర్మం. అందుకే కాలేజీలో చదివే కూతురు ఏడుస్తూ ఫోన్ చేతికిచ్చినప్పుడు కూడా అదే చేశాడు. ఎవడో ఆమె ముఖానికి ఇంకెవరిదో ఒళ్లు అతికించి, "అసలు ఫొటో పంపు, లేకపోతే ఇది మీ క్లాసంతా చూస్తుంది" అని రాశాడు. ఆయన ఫోన్‌లోంచి ఆ ఫొటో, మెసేజీలు మొత్తం తుడిచేసి, చేతులు దులుపుకున్నాడు.

సైబర్ పోలీసు ఆఫీసులో ఇన్‌స్పెక్టరమ్మ తల పట్టుకుంది.

"ఏ ఖాతా నుంచి వచ్చింది? స్క్రీన్‌షాట్ ఏదండీ?"

"శుభ్రం చేసేశాను మేడమ్."

"వాణ్ణి ఉతికి ఆరేద్దామనుకుంటే, మీరు సాక్ష్యాన్ని ఉతికేశారు."

తిరిగొచ్చాక ఆయనకు చేతిలో ఇస్త్రీ, గుండెలో కుస్తీ. కాలర్ మీద పెట్టె మరిచిపోయి ఎవరిదో చొక్కా మాడ్చాడు. షాపుకొచ్చిన ప్రతివాడూ ఆ ఫొటో చూసే వచ్చాడేమోనని వాళ్ల కళ్లలోకి తొంగి చూశాడు.

"కొన్నాళ్లు కాలేజీ మానెయ్ అమ్మడూ."

"తప్పు వాడిది, సెలవు నాకా?"

"పోనీ, నంబరు మారుద్దాం."

"ముఖం కూడా మార్చేద్దామా నాన్నా?"

అమ్మడు క్లాసు గ్రూపులో తనే రాసింది: "నా ముఖంతో ఎవడో దొంగ ఫొటో తయారుచేశాడు. మీకొస్తే ఎవరికీ పంపకండి. పంపినవాడి ఖాతా పేరు నాకు చెప్పండి."

"అందరికీ నువ్వే చాటింపు వేస్తే ఎలాగే?"

"అందరికీ తెలుస్తుందనే కదా వాడు బెదిరిస్తున్నాడు. ఇంక దేంతో బెదిరిస్తాడు?"

గ్రూపులో ఎవరూ పలకలేదు. ఆయన షాపులో గోడకూ గోడకూ మధ్య తిరిగాడు, వేలాడుతున్న కోట్లకు భుజాలు తగిలించుకుంటూ. అప్పుడు ఒకమ్మాయి విడిగా రాసింది: "వాడే నా ముఖంతో కూడా అలాంటి ఫొటో చేసి నాకు పంపాడు. ఖాతా పేరుతో సహా అన్నీ దాచాను. మా ఇంట్లో తెలిస్తే చదువు మాన్పిస్తారు."

"వాళ్ల నాన్న నంబరు తీసుకో, నేను మాట్లాడతా."

"మళ్లీ తొందరా? ముందు తనకేం కావాలో అడగనీ."

అడిగింది. ఇద్దరూ ఫోన్‌కేసి చూస్తూ కూర్చున్నారు. చాలాసేపటికి జవాబు మెరిసింది: "ఇన్‌స్పెక్టర్ దగ్గరికి నీతో వస్తా. మనిద్దరమే వెళ్లాలంటే భయం. మీ నాన్నగారు తోడొస్తారా?"

లాండ్రీ ఆయన కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని చదివాడు.

"వస్తానని చెప్పు. గది బయటే కూర్చుంటా. ఏదీ ముట్టుకోనని కూడా రాయి."