దొరికిన పిల్ల

తడి బట్ట మీద వేడి ఇస్త్రీపెట్టె... ఆ వాసన.

మెట్ల కింద ఆమె బల్ల. బల్ల నిండా ఎవరెవరివో చొక్కాలు. బల్లకి ఎదురుగా ఆవరణ — సాయంత్రమయ్యేసరికి పిల్లలతో నిండిపోయే ఆవరణ.

ఆ పిల్లల్లో ఆమె కూతురు కూడా ఉంది.

వాకర్ పట్టుకుని, ఒక్కో అడుగూ కూడదీసుకుంటూ నడిచే కూతురు.

దాగుడుమూతలాట. కూతురు నీళ్ల డ్రమ్ము వెనక దాక్కునేది. వాకర్ కనిపించేది. గౌను అంచు కనిపించేది. ఆపుకోలేని నవ్వు వినిపించేది...

అందరికీ కనిపించేది.

ఎవరికీ దొరికేది కాదు.

ఆ ఏర్పాటు ఆమెదే. కూతురు లేని వేళ చూసి పిల్లలందరినీ పిలిచింది. తలో చాక్లెట్ చేతిలో పెట్టింది. అది ఆటలో అరటిపండు, చూసీ చూడనట్టు పోనివ్వండర్రా అని చెప్పింది. పిల్లలు బుద్ధిగా తలూపారు. బుద్ధిగా మాట నిలబెట్టుకున్నారు.

"నన్నెవ్వరూ పట్టుకోలేరమ్మా" అనేది కూతురు, అన్నం తింటూ.

ఆ మాటకే ఆమె కడుపు నిండిపోయేది.

పై వాటాలోకి కొత్తగా ఒక కుటుంబం దిగింది. వాళ్లమ్మాయికి ఈ ఒప్పందం ఎవరూ చెప్పలేదు. ఆడటానికి వచ్చిన మొదటిరోజే డ్రమ్ము వెనక్కి తొంగిచూసింది. కూతురి భుజం మీద చెయ్యి వేసింది.

"దొరికావ్. ఇక నువ్వే దొంగ."

ఆమె ఇస్త్రీపెట్టె ఎక్కడిదక్కడ వదిలేసి పరుగెత్తింది.

"దానికి దొరకడం, దొంగవడం అవేవీ లేవు. అది ఆటలో అరటిపండు. ఎవరూ చెప్పలేదా నీకు?"

కొత్తమ్మాయి ముఖం చిన్నబోయింది. వెనక్కి వెనక్కి నడిచి, మెట్లెక్కి వెళ్లిపోయింది.

అప్పుడు చూసింది ఆమె, కూతురి ముఖం. అందులో భయం లేదు. అంతవరకూ వెలుగుతున్న ముఖం... తన మాటతో ఆరిపోతున్న ముఖం.

మెట్ల కింద చొక్కా మాడుతున్న వాసన.

"నేను నిజంగా దొరికానమ్మా" అంది కూతురు. తల్లివైపు తిరిగి, "ఇన్నాళ్లూ నువ్వే చెప్పావా వాళ్లకి?" అంది.

చొక్కా తాలూకు మనిషి వచ్చి నానా మాటలూ అన్నాడు. తలొంచుకుని పడింది. కూతురు మాత్రం ఇంకేమీ అనలేదు. అదే పడలేకపోయింది. ఇన్నాళ్ల గెలుపుల్లో ఒక్కటీ పిల్లది కాదు — అన్నీ తన చాక్లెట్లవి.

మర్నాడు పై వాటా తలుపు తట్టింది. తప్పు నాదేనమ్మా, అందరితో ఎలా ఆడతావో దానితోనూ అలాగే ఆడు అని అడిగింది. కొత్తమ్మాయి ఆమెని ఎగాదిగా చూసింది.

"మళ్లీ తిట్టరుగా?"

తిట్టనంది.

ఆ సాయంత్రం కూతురు మళ్లీ దొరికింది. దొంగ అయింది. గోడకి నుదురు ఆనించి, అంకెలు లెక్కపెట్టి, వెతకడానికి బయల్దేరింది. ఎన్నడూ లేనంత తొందరగా. మలుపు దగ్గర వాకర్ ఒరిగింది...

పడింది.

ఆమె చేతులు బల్ల అంచుని పట్టుకున్నాయి. మోకాలు దోక్కుపోయే ఉంటుంది. రక్తం వస్తోందో ఏమో —

కూతురు నేల మీంచి తలెత్తింది. మెట్ల వైపు చూసింది.

లేపమని కాదు.

ఎక్కడ అమ్మ వచ్చేస్తుందోనని.