అక్కనడిగి వస్తా

నూనె మట్టం చూసే కమ్మీని గుడ్డతో తుడిచి, ఇంజన్‌లోకి దించి, మళ్ళీ పైకి లాగి చూశాడు క్లెమ్. నూనె గీతకి కాస్త కిందుగా ఉంది. డబ్బాలో మిగిలిన నాలుగు చుక్కలూ పోసి మూత బిగించాడు. రాత్రి పడిన మంచు ముందద్దం మీద గడ్డకట్టి ఉంటే, వంటింట్లోంచి మగ్గుతో గోరువెచ్చటి నీళ్ళు తెచ్చి మెల్లగా పోశాడు. శనివారం పొద్దున్నే చేసే పనే ఇదంతా. ఇవాళ అక్కా తమ్ముడూ ఆ కారుని వదిలించుకోవడానికే బయల్దేరుతున్నారన్న సంగతి అతని చేతులకి ఇంకా ఎవరూ చెప్పినట్టు లేదు.

క్లెమ్ హార్గ్రీవ్‌కి అరవై మూడేళ్ళు. పొడవాటి మనిషి, కొంచెం ముందుకి వంగిన భుజాలు. ఎండకి కాలీ కాలీ మెడ వెనక చర్మం ఇటుక రంగుకి తిరిగింది. మిల్‌డ్యూరా పురపాలక సంఘంలో గడ్డి కోసే పని. ఫుట్‌బాల్ మైదానాలు, నది ఒడ్డు పార్కులు, శ్మశానం. యంత్రమెక్కి కూర్చుని ఇటునుంచి అటు, అటునుంచి ఇటు తిరగడమే. ఆ మోతలో ఎవరితోనూ మాట్లాడనక్కర్లేదు. ఎవరైనా పలకరిస్తే చెయ్యెత్తితే సరిపోతుంది. ముప్ఫై ఏళ్ళకి పైగా ఆ పని వదలకుండా చేశాడంటే అందుకే.

మాట్లాడవలసినవన్నీ అక్క వెర్నా మాట్లాడేది. తల్లి పోయేనాటికి అతనికి పదేళ్ళు, ఆమెకి పద్దెనిమిది. బళ్ళో టీచరుతోనూ, తర్వాత పళ్ళ డాక్టరుతోనూ, ఇంటి యజమానితోనూ, మాంసం కొట్టువాడితోనూ ఆమే. మధ్యలో ఆమెకి పెళ్ళయింది. రెండేళ్ళు తిరక్కముందే ఆ మొగుడు పెర్త్‌లో పని చూసుకుంటానని వెళ్ళి, అక్కడ పనితో పాటు ఇంకొకావిణ్ణి కూడా చూసుకున్నాడు. వెర్నా ఒక పెట్టెతో తమ్ముడి దగ్గరికి వచ్చేసింది. అప్పట్నుంచీ ఇద్దరూ ఒకే ఇంట్లో ఉన్నారు.

ఒక్కసారి మాత్రం అతను ఒంటరిగా బేరానికి వెళ్ళాడు. వెర్నా ఆపరేషనై ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఇంట్లో ఫ్రిజ్ చెడిపోయింది. చిన్నది కొనుక్కు రమ్మంటే, వంటింటి తలుపులోంచి పట్టనంత పెద్దది, దానికి ఐదేళ్ళ అదనపు గ్యారంటీ, పైగా రొట్టెలు కాల్చే పెట్టె ఒకటి మోసుకొచ్చాడు. "వద్దని ఎందుకనలేదురా?" అని అడిగింది. "ఆ అమ్మాయి చాలా మర్యాదగా అడిగిందక్కా" అన్నాడు. వెర్నా కుట్లు పట్టుకుని నవ్వింది. ఆ తర్వాత ఎవరింటికి వెళ్ళినా ఆ కథ చెప్పకుండా లేచేది కాదు.

అలాంటిది ఇవాళ టోస్టు మీద వెజిమైట్ రాస్తూ, తలెత్తకుండానే అంది: "ఇవాళ నువ్వే మాట్లాడాలి."

క్లెమ్‌కి సరిగ్గా వినపడలేదేమోననిపించింది. ఎడమ చెవి యంత్రం మోతకి ఎప్పుడో మందగించింది. కుడి చెవి ఆమె వైపు తిప్పాడు.

"నేనా?"

"నువ్వే. నాకు మోకాలు నొప్పిగా ఉంది. కార్లోనే కూర్చుంటాను."

"పోనీ ఇంకో వారం చూసి వెళ్దామా?"

"వచ్చే వారానికి నీకు నోరు మొలుస్తుందా? ముందా చొక్కా మార్చు. ఆ ఇస్త్రీ మడత చూశాడంటే కార్లమ్మేవాడు వెయ్యి పెంచుతాడు. తోట పనికి వేసుకునేది వేసుకో."

కారు తనే నడిపాడు. ఈ కారు ఇంకో రెండేళ్ళు నడుస్తుంది. హీటరు పనిచెయ్యదు, వెనక తలుపు బయటినుంచే తెరుచుకుంటుంది, అంతే. కొత్త కారు కావాలని పోయిన నెల్లో వెర్నా ఉన్నట్టుండి పట్టుబట్టింది. జీవితంలో ఎన్నడూ కొత్తది కొననివాళ్ళం, ఇప్పుడెందుకని అడిగితే, "అందుకే" అంది. అది జవాబో కాదో అతనికి అర్థం కాలేదు.

దారంతా ఆమె పాఠం చెబుతూనే ఉంది. "వాడు మొదట చెప్పే ధరకి నువ్వేమీ అనకు. టైరు వంక చూడు. సరే అన్న మాట నీ నోట్లోంచి రాకూడదు. మరీ ఇరకాటంలో పడితే అక్కనడిగి వస్తానను."

షోరూం ముందు, హైవేకి మొహం పెట్టి, కొత్త కార్లన్నీ వరసగా నిలబడి ఉన్నాయి. అద్దాల మీద పసుప్పచ్చ అక్షరాలు. జూన్ నెలాఖరు, ఇక్కడ నడి చలికాలం; ఏడాది లెక్కలు ముగించుకునే అమ్మకాలు. క్లెమ్ ఒక పక్కగా కారాపి, దిగి, చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. వెర్నా కిటికీ కొద్దిగా దించింది.

"వెళ్ళు. నిన్ను కొరకడు."

సేల్స్‌మన్ పేరు డారియో. నలభై దాటినవాడు. వాళ్ళ నాన్నకి ద్రాక్ష తోటలుండేవి. ఆ తోటల పక్క మైదానంలో క్లెమ్ గడ్డి కోసేవాడు. "రా అన్నా, రా! చలికి చచ్చిపోయుంటావు" అంటూ లోపలికి తీసుకెళ్ళి, తెల్లటి చిన్న కారు ఒకటి చూపించాడు. తలుపు తీసి, మూసి, ఆ చప్పుడు వినమన్నాడు. క్లెమ్ కుడి చెవితో విన్నాడు. తలుపు చప్పుడే.

"ముప్ఫై నాలుగు వేల డాలర్లు. అన్నీ కలిపి, తాళం తీసుకుని ఇంటికెళ్ళిపోవడమే."

క్లెమ్ టైరు వంక చూశాడు. నల్లగా, కొత్తగా ఉంది. దాని మీద ఇంకా చిన్న చిన్న రబ్బరు వెంట్రుకలున్నాయి. ఎంతసేపు చూడాలో అక్క చెప్పలేదు. అందుకని చూస్తూనే ఉన్నాడు.

డారియో గొంతు సవరించుకున్నాడు. రంగు మీద పూసే పూత గురించి చెప్పాడు. అద్దాలకి అంటించే నల్ల కాగితం గురించి, రిజిస్ట్రేషన్ గురించి, స్టాంపు సుంకం గురించి, ఏది అన్నీ కలిపిన దాంట్లో కలిసిందో, ఏది కలవలేదో చెప్పాడు. అన్నీ కలిపాక ఇంకా కలవనివి ఎలా మిగిలాయో క్లెమ్‌కి బోధపడలేదు. అడుగుదామనుకునేలోగా డారియో లేచి, "ఉండన్నా, మా పెద్దాయన్ని ఓ మాట అడిగొస్తా" అని అద్దాల గదిలోకి వెళ్ళాడు. తిరిగొచ్చి ముప్ఫై మూడన్నాడు.

"నేను... అక్కనడిగి వస్తా" అన్నాడు క్లెమ్.

బయట ఎండ పొడుస్తోంది గానీ వేడి లేదు. వెర్నా కోటు గుండీలన్నీ పెట్టుకుని, సీటుకి తల ఆనించి కూర్చుంది.

"ముప్ఫై మూడంటున్నాడు. రంగు మీదేదో పూస్తాడట."

"మన పాత కారుకేం పూశారు? అక్కర్లేదని చెప్పు."

"నువ్వొచ్చి ఒక్క మాట చెప్పరాదూ? నీ మాటైతే వింటాడు."

"నా మాట ఎంతకాలం వింటార్రా ఎవరైనా?" కళ్ళు మూసుకునే అంది. "పో, చలి లోపలికొస్తోంది."

మళ్ళీ లోపలికి నడుస్తుంటే అతనికి ఒక విషయం తట్టింది. తను అక్కనడగడానికి బయటికెళ్ళినట్టే, డారియో పెద్దాయన్ని అడగడానికి గదిలోకెళుతున్నాడు. ఆ గదిలో నిజంగా ఎవరైనా ఉన్నారా? తొంగి చూశాడు. ఉన్నారు. లావుపాటి ఆయనొకడు సాండ్విచ్ తింటున్నాడు.

పూత వద్దంటే దానికి పైన వేసింది కొట్టేశాడు, ధర ముప్ఫై మూడు దగ్గరే నిలిచింది. తర్వాత పాత కారు సంగతి వచ్చింది. డారియో బయటికెళ్ళి, దాని చుట్టూ ఒకసారి తిరిగి, లోపల కూర్చున్న వెర్నాకి తలూపి, చేతులు నలుపుకుంటూ వచ్చాడు.

"ఎనిమిది వందలిస్తాం అన్నా. ఇనుప సామానుకే కదా పోయేది."

"ఇనుప సామానా?"

తన గొంతు అంత పెద్దగా ఉంటుందని క్లెమ్‌కే తెలియదు. గదిలో ఆయన సాండ్విచ్ ఆపి చూశాడు.

"ఆ కారు ఒక్కసారి, ఒక్కసారి కూడా దారిలో ఆగలేదు. మా అక్కని ఆపరేషన్‌కి రాత్రికి రాత్రి ఎడిలైడ్ తీసుకెళ్ళింది అది. వానలో, కంగారూల మధ్య. నెల నెలా నూనె మారుస్తాను. నువ్వు తలుపొక్కటే చూశావు. ఇంజన్ చూశావా? మూతెత్తి చూశావా?"

డారియో చూడలేదు. వెళ్ళి చూసొచ్చాడు. పదిహేను వందలన్నాడు. అది పోను కొత్త కారుకి ముప్ఫై ఒకటిన్నర వేలు.

క్లెమ్ తలుపు వైపు నడిచాడు. తను చేసింది తప్పో ఒప్పో తెలియక మళ్ళీ బయటికి వచ్చాడు. సంగతంతా చెప్పాడు. గొంతు పెంచిన సంగతి కూడా, క్షమించమన్నట్టు, చివర్లో చెప్పాడు.

వెర్నా కళ్ళు తెరిచింది. మొహం పాలిపోయి ఉంది గానీ కళ్ళలో నవ్వుంది.

"అరిచావా? నువ్వా?"

"అరిచాననుకుంటా. ఇప్పుడేం చెయ్యమంటావు? సరే అననా?"

"నీకేమనిపిస్తోంది?"

"నాకేం తెలుసక్కా?"

"తెలియకపోతే ఆలోచించు. ఈసారి నన్నడగడానికి రాకు. నీకెంతకి కుదిరితే అంతకి సంతకం పెట్టేసి, అప్పుడొచ్చి చెప్పు." కిటికీలోంచి చెయ్యి చాపి అతని చొక్కా కాలరు సర్దింది. "వెళ్ళు నాన్నా."

అక్క తనని నాన్నా అని పిలిచి ఎన్నాళ్ళయిందో గుర్తు తెచ్చుకోవాలని చూస్తూ క్లెమ్ లోపలికి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

"ఏమంది అక్కగారు?" అన్నాడు డారియో.

ఏమందో చెబితే క్లెమ్ దగ్గర ఇంకేమీ లేదని తెలిసిపోతుంది. పోనీ ఆలోచిద్దామంటే, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. బల్ల మీదున్న పెన్ను వంక చూస్తూ కూర్చున్నాడు. డారియో కాఫీ కావాలా అన్నాడు. క్లెమ్‌కి వినపడలేదు. డారియో కుర్చీలో కదిలాడు. టై వదులు చేసుకున్నాడు. లేచి గదిలోకెళ్ళి, ఈసారి చాలాసేపుండి వచ్చాడు.

"ముప్ఫై ఒకటి. ఇంతకంటే నా వల్ల కాదన్నా."

డారియో కాగితాలు ముందుకి జరిపాడు. పైనున్న కాగితం మీద ఒక్కచోటే గుర్తు పెట్టి ఉంది. సంతకాలు చాలా ఉంటాయనుకున్న క్లెమ్ ఆశ్చర్యంగా అడిగాడు:

"అంతేనా?"

డారియో నిట్టూర్చి, రెండు చేతులూ ఎత్తేశాడు. "సరే, కాళ్ళ కింద వేసుకునే చాపలు కూడా ఊరికే ఇస్తాను. ఇంక నన్నొదిలెయ్యి. నీలాంటి గట్టి పిండాన్ని చూళ్ళేదు."

క్లెమ్ సంతకం పెట్టాడు. ఎవర్ని అన్నాడో అర్థం కాక వెనక్కి తిరిగి చూశాడు. వెనక ఎవరూ లేరు. అప్పుడు మెల్లగా, చెవుల దగ్గర మొదలై, మొహమంతా వెచ్చబడింది. లేచి, దాదాపు పరిగెత్తినట్టే బయటికి వచ్చాడు.

"అక్కా! ముప్ఫై ఒకటి! చాపలూ ఇస్తాడట! నేనేమీ అడగనేలేదు, వాడే..."

వెర్నా సీటుకి తల ఆనించి అలాగే ఉంది. నిద్ర పట్టిందనుకుని గొంతు తగ్గించాడు. కిటికీలోంచి భుజం తట్టాడు. "అక్కా, చాపలు కూడా." ఆమె తల మెత్తగా ఒక పక్కకి వాలింది.

తర్వాత జరిగినవి అతనికి వరసగా గుర్తు లేవు. డారియో వచ్చాడు. గదిలో ఆయన కూడా వచ్చాడు. అంబులెన్సు వచ్చింది. అందులోంచి దిగిన నర్సు పిల్ల ఒకతె చాలాసేపు ప్రయత్నించి, చివరికి మోకాళ్ళ మీదనుంచి లేచి, క్లెమ్ చెయ్యి పట్టుకుని ఏదో చెప్పింది. అది ఎడమ చెవి వైపు చెప్పింది. అయినా అర్థమైంది. గుండెకి మందులేమైనా వాడుతోందా అని అడిగింది. తెలియదన్నాడు. వెర్నా సంచిలో ఆ మందు సీసా దొరికింది. చీటీ మీద పోయిన నెల తేదీ ఉంది.

అంబులెన్సు వెళ్ళిపోయాక డారియో తన కారు తెచ్చి, క్లెమ్‌ని ఎక్కించుకుని, వెంటనే బయల్దేరలేదు. స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టి కూర్చున్నాడు.

"అన్నా, నీకొకటి చెప్పాలి. చెప్పొద్దంది గానీ చెప్పాలి. మంగళవారం మీ అక్క ఇక్కడికి వచ్చింది. బస్సులో."

"మంగళవారం డాక్టరు దగ్గరికెళ్ళిందే."

"ఆ తర్వాత వచ్చిందేమో. ఇదే కారు, మధ్యాహ్నమంతా బేరమాడింది. మా పెద్దాయన్ని కూడా గదిలోంచి బయటికి రప్పించింది. పాత కారు పోను ముప్ఫై ఒకటిన్నరకి తెగ్గొట్టింది. సంతకం పెట్టమంటే పెట్టలేదు. మా తమ్ముడొస్తాడు, వాడితో మొదట్నుంచీ మొదలుపెట్టు, ఎంత తికమక పడినా ఈ ధర దాటి ఒక్క డాలరు తీసుకున్నావో నీ సంగతి చూస్తానంది. నేనుండగా ఒక్కసారైనా వాడు నోరు తెరిచి అడగడం చూడాలంది."

ఒక్కొక్క మాటనీ విడిగా పట్టుకుని, మళ్ళీ కలుపుకుంటున్నట్టు క్లెమ్ పెదవులు కదిలాయి.

"అయితే ఆ ధర అక్క కుదిర్చిందేనా?"

"ముప్ఫై ఒకటిన్నర ఆవిడ కుదిర్చింది. ముప్ఫై ఒకటి నువ్వు కుదిర్చావు. చాపలు ఆవిడ ఎంత గింజుకున్నా ఇవ్వలేదు." డారియో ముక్కు తుడుచుకున్నాడు. "నువ్వు ఆవిణ్ణి మించిపోయావన్నా. నేనేదో జాలితో తగ్గించానని అనుకోకు. ఒట్టు. నువ్వు నిజంగానే నన్ను భయపెట్టావు."

క్లెమ్ ఆ మాట అక్కకి చెప్పడానికి అలవాటుగా కారు తలుపు తెరిచి ఒక కాలు కింద పెట్టాడు. పాత కారు ఎదురుగానే ఉంది. సీటు ఖాళీగా ఉంది. కాలు మళ్ళీ లోపలికి తీసుకున్నాడు. తలుపు మాత్రం వెయ్యలేకపోయాడు. డారియో వంగి, అతని మీదుగా చెయ్యి చాపి, తలుపు దగ్గరికి లాగి, కారు కదిలించాడు.

ఆవరణలోని కార్లలో పాత కారు ఒక్కటే తలుపు బార్లా తెరిచి ఉంది. ముందద్దం కింద, ఫ్లాస్కు మూతలో ఆమె పోసుకుని సగం తాగిన టీ ఉంది. హైవే మీద లారీ వెళ్ళినప్పుడల్లా ఆ టీ సన్నగా వణికి, మళ్ళీ నిలబడుతోంది.