పొగగొట్టం పక్క గది

సౌదీలో అభా ఊరు దాటి కొండ ఎక్కుతుంటే ఒక మలుపులో ఆ ఇల్లు కళ్లబడుతుంది. చుట్టుపక్కలవన్నీ చదును మిద్దెల తెల్ల ఇళ్లు. ఇది మాత్రం బూడిదరంగు రాతిగోడలతో, ఏటవాలు కప్పుతో, పైకి పొడుచుకొచ్చిన ఇటుక పొగగొట్టాలతో మరో దేశం నుంచి ఊడిపడ్డట్టు ఉంటుంది. యజమాని అబూ ఫహద్ వయసులో ఇంగ్లండులో చదివాడు. అక్కడ ఒక పల్లెలో ఉన్న పాతకాలపు జమీందారు భవనాన్ని టికెట్టు కొని ఎన్నిసార్లు చూసొచ్చాడో ఆయనకే తెలియదు. వ్యాపారం నిలదొక్కుకున్నాక నక్షాలు తెప్పించి అచ్చం అలాంటిదే కట్టించుకున్నాడు. ముందువైపు చెక్కడపు కొయ్యమెట్లు కుటుంబానికి. గోడల వెనక ఇరుకు మెట్లు పనివాళ్లకు. రెంటికీ మధ్య, చప్పుడు ఇవతలికి రాకుండా ఆకుపచ్చ ఉన్నిగుడ్డ తాపడం చేసిన తలుపు. అసలు భవనంలో దాసీలు కప్పు కింద అటకలో ఉండేవారని, ఇక్కడా పనిమనుషులకు అదే చోటు ఇచ్చాడు.

ఆ అటకలో ఉండేది రాయచోటి వైపు నుంచి వచ్చిన మదార్బీ, సుగ్రా బేగం. మదార్బీ పెద్దది, వంట ఆమెది. సుగ్రాది ఊడ్చి తుడిచే పని. మొదట్లో సుగ్రా ఏడుస్తూ పడుకుంటే మదార్బీ ఆమె తల నిమిరి, ఊరి సంగతులు చెప్పి నిద్రపుచ్చేది. సొంత అక్క కూడా అంత చేసి ఉండదని సుగ్రా అనుకునేది.

ఆ చలికాలం ఇంగ్లండులో తనతో చదివిన స్నేహితులను అబూ ఫహద్ భోజనానికి పిలిచాడు. పెద్ద హాల్లో మనిషి నిలబడేంత ఎత్తున్న రాతి పొయ్యి ఉంది. అంతవరకూ దాన్ని వెలిగించిందే లేదు. ఆ రోజు వెలిగించాలన్నాడు. కొండకోతులు గొట్టాల్లోంచి ఇంట్లోకి దిగుతున్నాయని అంతకుముందు ఏడే పొగగొట్టాల మూతుల మీద రాతిపలకలు పరిపించారు. ఈ పొయ్యి గొట్టానికి మాత్రం పక్కన కాస్త సందు వదిలి వల బిగించారు. పొగ పోవడానికి అది చాలుతుందనుకున్నారు.

మదార్బీకి రెండు రోజులుగా జ్వరం. ఆమె పని కూడా తానే చేస్తానని సుగ్రా ఆమెను లేవనివ్వలేదు. మధ్యాహ్నం గంజి తీసుకుని పైకి వెళితే మదార్బీ దుప్పటి కింద గజగజ వణుకుతోంది. బయట పొగమంచు. సుగ్రా గోడ మీద చెయ్యి వేసి చూసింది. కింద వెలిగించిన పొయ్యి గొట్టం ఆ గోడలోంచే పైకి పోతుంది. గోడ వెచ్చగా ఉంది. పరుపును మదార్బీతో సహా ఈడ్చి ఆ గోడకు చేర్చింది.

"పానం లేచొచ్చినట్టుండాదే," అంది మదార్బీ, వీపు గోడకు ఆనించి. "నువ్వు పో, కింద పిలుస్తాంటారు."

అతిథులు వెళ్లేసరికి సాయంత్రమైంది. సుగ్రా మెట్లెక్కి తలుపు తీసింది. మదార్బీ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. చెంపలు జ్వరం తగ్గిన మనిషివిలా ఎర్రగా కళకళలాడుతున్నాయి. నిద్ర పట్టిందనుకుని సుగ్రా మెల్లగా పిలిచింది. భుజం పట్టుకుని కదిపింది. ఒళ్లు బిగుసుకుపోయింది. తన తలా తిరగడంతో కిటికీ తెరవబోయింది. అది తెరుచుకునే కిటికీ కాదు, బయటి నుంచి చూసేవాళ్లకు అందంగా ఉండాలని పెట్టినది. గోడ పట్టుకుని మెట్ల మీదికి వచ్చి కూలబడింది.

అంబులెన్సు వచ్చింది, పోలీసులు వచ్చారు. పొగలోని విషవాయువు పీల్చి పోయిందని ఆస్పత్రిలో తేల్చారు. మర్నాడు అగ్నిప్రమాదాలు చూసే సివిల్ డిఫెన్సు అధికారి విచారణకు వస్తాడని తెలిసి, ఇంటామె, అబూ ఫహద్ భార్య, డ్రైవరు ఖాదర్ మొహిద్దీన్‌తో సుగ్రాకు కబురు పంపింది. ఖాదర్‌ది కడప. చలికి తాళలేక మదార్బీయే గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుందని చెప్పమన్నారని, తలవంచుకుని చెప్పాడు.

"ఆ గదిలో కుంపటే లేదు గదన్నా," అంది సుగ్రా.

"నాకూ తెల్సమ్మా. నువ్వు చెప్పకపోతే వీసా మీద ఎగ్జిట్ కొట్టి ఊరికి పంపిస్తారు."

సుగ్రాకు ఎగ్జిట్ భయం లేకపోలేదు. అంతకంటే పెద్ద భయం వేరే ఉంది. నిజం చెబితే పరుపు జరిపింది ఎవరో కూడా చెప్పాలి. కుంపటి అంటే ఆ మాటే రాదు. తప్పంతా చచ్చినామె మీదికి పోతుంది. ఆమె ఇక నోరు తెరిచేది లేదు. ఆ మాట తట్టగానే సుగ్రాకు తన మీద తనకే రోత పుట్టింది.

అధికారి వచ్చాడు. అతని వెంట అబూ ఫహద్ ఆ ఇరుకు మెట్లెక్కాడు. ఇల్లు కట్టాక ఆయన అటకలోకి రావడం అదే మొదటిసారి. ఏటవాలు కప్పు కింద తల వంచుకుని నిలబడ్డాడు. అధికారి అడిగితే సుగ్రా తన వచ్చీరాని అరబ్బీలో చెప్పింది. కుంపటి లేదు. కింద పొయ్యి వెలిగించారు. గోడ వెచ్చగా ఉంటే, జ్వరంతో ఉందని తానే పరుపు జరిపింది.

అధికారి పరుపు తీయించి చూశాడు. నేలకు, గోడకు కలిసేచోట ఇటుకల మధ్య సున్నం రాలి, వేలు దూరేంత పగులు. దాని అంచున మసి. అబూ ఫహద్ వంగి ఆ మసిని వేలితో తాకాడు.

"ఇంగ్లండులో ఆ భవనంలో నన్ను అటకలోకి రానిచ్చేవాళ్లు కాదు," అన్నాడు, ఎవరితోనో తెలియకుండా. "మెట్లకు అడ్డంగా తాడు కట్టి ఉండేది."

సుగ్రా మాటను ఆయన కాదనలేదు. చేతులు తుడుచుకుని దిగిపోయాడు.

కాగితాల్లో పొగగొట్టం లోపమని రాశారు. ఇంటామె మాత్రం సుగ్రా ముఖం చూడనంది. ఎగ్జిట్ వేశారు. వెళ్లేలోగా మదార్బీకి కడసారి స్నానం చేయించడానికి సుగ్రాను ఆస్పత్రికి తీసుకెళ్లారు. అక్కడి ఆడమనిషి నీళ్లు పోస్తుంటే సుగ్రా ఆ తల కడిగింది, జుట్టు మూడు పాయలు చేసి అల్లింది. క్షమించమని అడగాలని నోటిదాకా వచ్చింది. పక్కన మనిషి ఉండటంతో అడగలేకపోయింది. ఖననానికి ఖాదర్ వెళ్లాడు.

విమానాశ్రయం నుంచి సుగ్రా ఊళ్లో ఉన్న మదార్బీ కూతురు మెహజబీన్‌కు ఫోను చేసింది. జరిగింది జరిగినట్టు, పరుపు సంగతితో సహా చెప్పింది.

"మా అమ్మకు సలి తగ్గిందా, పిన్నీ?" అని అడిగింది ఆ పిల్ల.

తగ్గిందమ్మా, అంది సుగ్రా. ఇద్దరూ ఫోను పెట్టేయలేదు.