ఊట కాడ దించిన డోలీ

నేను ఒక డోలీ కర్రను. డోలీ అనగానే మీకు పెళ్లికూతురూ పల్లకీ సన్నాయి మేళమూ గుర్తొస్తే అది మీ తప్పు కాదు, మీరు రోడ్డున్న ఊళ్లో పుట్టారు. మా కొండ మీద డోలీ అంటే ఒక పాత దుప్పటి, రెండు ముడులు, ఆ రెండు ముడుల మధ్యా నేను. దుప్పట్లో జబ్బు మనిషి పడుకుంటే ముందొకరు, వెనకొకరు నన్ను భుజానికెత్తుకుని కొండ దిగుతారు. కింద తారు రోడ్డు కనబడే దాకా మాకు అంబులెన్సు నేనే. సైరను లేదు కాబట్టి పేపర్లో పడను, అంతే.

ఈతగుమ్మి అని మా ఊరు. దాని పై వాలులో వెదురు పొదలో పుట్టాను. నా తోడబుట్టినవాటిలో కొన్ని బుట్టలయ్యాయి, కొన్ని కోళ్లగూళ్లయ్యాయి. లోపల లొట్ట లేని గట్టి రకాన్ని గనక నన్ను మాత్రం వంతల బొంజన్న ఏరి కొట్టుకొచ్చాడు. అప్పటికి అతనికి కొత్తగా పెళ్లయింది. అత్తగారు దేవుడమ్మ ఇంట్లోనే కాపురం. ఆవిడ నన్ను కొండవాగు గెడ్డలో నానబెట్టించి, పురుగు పట్టకుండా తన పొయ్యి మీద పొగలో వేలాడదీసింది. ఆ పొగ వాసన నాకు ఈనాటికీ వదల్లేదు. ఆ పొయ్యి దగ్గరే బొంజన్న పెళ్లాం చిన్నాలు కూచుని అంబలి కాస్తూ, తల్లితో ఊరందరి కబుర్లూ చెప్పి నవ్వుతుండేది. నేను విన్న మొదటి మనిషి గొంతు ఆ పిల్లదే.

మా ఊళ్లో ఒక ఆచారం ఉంది. డోలీలో వెళ్లిన మనిషి ఆసుపత్రికి చేరితే కర్రకు నూనే పసుపూ రాసి చూరు కింద కడతారు. దారిలోనే ప్రాణం పోతే కర్రను పోయిన చోటే వదిలేసి వస్తారు. అంతటితో అయిపోదు. దారి ఒకరిని తీసుకుంది కాబట్టి, కొత్త కొర్రలు వండుకునే కొర్రకొత్త పండగ చేసే దాకా ఆ దారిన మళ్లీ డోలీ దిగదు. ఎవరికి ఏ జబ్బు చేసినా ఇంట్లోనే పడుకోవాలి, గురువు చేత మంత్రం వేయించుకోవాలి. మనుషులు దారికి భయపడినంత జ్వరానికి భయపడరు. ఎందుకో నాకు ఎప్పటికీ అర్థం కాలేదు.

ఆ ఏడు వానలు ముసురు పట్టి వదల్లేదు. చలిజ్వరం ఇంటింటికీ తిరిగింది. చిన్నాలు ఒళ్లు కాలిపోతూ, పొంతన లేని మాటలు మాట్లాడుతుంటే బొంజన్న నన్ను చూరు నుంచి దింపాడు. వెనక భుజానికి సుక్రు వచ్చాడు. చిన్ననాటి స్నేహితుడు, మాట తక్కువ మనిషి. దేవుడమ్మ కూతురి కాళ్లకు తన చీరే చుట్టి, వాకిట్లో నిలబడి చూస్తూ ఉండిపోయింది.

సగం దారిలో బండల సందున ఒక ఊట ఉంది. అక్కడికి చేరేసరికి చిన్నాలుకు తెలివొచ్చింది. దించమంది. దించారు. బొంజన్న దోసిలితో నీళ్లు పట్టాడు. తాగింది. ఏదో అంది. నేను విన్నాను. కానీ అది నేను చెప్పాల్సింది కాదు, చెప్పాల్సిన మనిషి వేరే ఉన్నాడు. తర్వాత కళ్లు మూసుకుంది. బొంజన్న పిలిచాడు, కదిపాడు, గుండె మీద చెవి పెట్టాడు. ఆ మగాడు ఏడ్చిన ఏడుపుకు నాకే గనక కన్నీళ్లుంటే నిలువునా తడిసిపోయేవాణ్ణి.

ఆచారం ప్రకారం నా బతుకు అక్కడితో సరి. సుక్రు దుప్పటి ముడి విప్పబోయాడు. బొంజన్న అతని చెయ్యి పట్టుకున్నాడు. ఊళ్లో ఇంకో ఇద్దరు అదే జ్వరంతో మంచాన ఉన్నారు. ఒకామె బాలింత, ఒకడు పదేళ్లవాడు. చిన్నాలు ఇక్కడ పోయిందని తెలిస్తే వాళ్లను పండగ దాకా ఎవరూ కిందికి దించరు. పండగకు ఇంకా నెలపైన ఉంది. స్నేహితులిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత చచ్చిపోయిన మనిషిని బతికున్నట్టే భుజానికెత్తుకుని, వానలో కింద ఆసుపత్రి దాకా నడిచారు. గేటు దాకా ఊపిరి ఉందని బొంజన్న చెప్పాడు. చేరాకే పోయిందని ఆసుపత్రి వాళ్లు రాశారు.

మర్నాడు ఆ ఇద్దరినీ నా మీదే దించారు. ఇద్దరూ బతికారు. తిరిగొచ్చాక దేవుడమ్మే నాకు పసుపు రాసింది. ఏడుస్తూనే రాసింది. పిల్ల ఆసుపత్రి మొహమైనా చూసింది, మన చేతుల్లో ఉన్నది మనం చేశాం అని ఎవరితోనో అంటుంటే బొంజన్న గోడ వైపు తిరిగి కూచున్నాడు. ఆ పసుపు నాకు ఎంత మంట పుట్టించిందో మీకు చెప్పలేను.

బొంజన్న మళ్లీ పెళ్లి చేసుకోలేదు, అత్తిల్లు వదల్లేదు. ఆవిడ వండేది, అతను తినేవాడు. అన్నం పెడుతూ అప్పుడప్పుడు ఆవిడ అడిగేది, ఆసుపత్రిలో పిల్ల ఏమన్నా అడిగిందా, నన్ను తలచుకుందా అని. డాక్టర్లు నన్ను లోపలికి రానీలేదత్తా అని అతను ముద్ద మింగేవాడు. ఆవిడ ఆ డాక్టర్లను తిట్టేది. పాపం, ఏ పాపమూ ఎరగని డాక్టర్లు మా ఇంట్లో ఏళ్ల తరబడి తిట్లు తిన్నారు.

డోలీలు మోసీ మోసీ, రోడ్డు కోసం ఆఫీసుల చుట్టూ తిరిగీ తిరిగీ బొంజన్న సర్పంచయ్యాడు. ఆ తర్వాత పార్టీలో ఇద్దరు పెద్దలు టిక్కెట్టు కోసం కొట్టుకుని, వాడికి రాకుంటే చాలని వీడూ, వీడికి రాకుంటే చాలని వాడూ పంతం పట్టి, మధ్యలో ఉన్న ఇతన్ని నిలబెట్టారు. ప్రచారంలో నాకు పూలు చుట్టారు. ఎన్నడూ బస్తా ఎత్తని నాయకులు నా కింద భుజం పెట్టి ఫొటోలు దిగారు. ఫొటో అవగానే భుజం రుద్దుకున్నారు. ఏమైతేనేం, బొంజన్న గెలిచాడు. ఎంపీ అయ్యాడు.

ఢిల్లీకి నన్నూ తీసుకెళ్లాడు. సభలో నన్ను అందరికీ చూపించి రోడ్డు అడగాలని అతని ఆశ. కర్రలు లోపలికి తేకూడదని గేటు దగ్గర మర్యాదగానే వెనక్కి పంపేశారు. అక్కడ పనిచేసే కుర్చీలకూ మైకులకూ నా మీద అంత భయం దేనికో! ఇక నా ఉద్యోగం క్వార్టర్సు వరండాలో ఉతికిన లాల్చీలు ఆరబెట్టడం. అన్ని ప్రాణాలు మోసిన నాకు ఆ తడి లాల్చీల బరువే ఎక్కువనిపించింది.

అతనికి మాట్లాడే వంతు వచ్చిన రోజున మాత్రం నన్ను కారు మీద కట్టించుకుని వెళ్లాడు. దగ్గర్లో ఉంటే ధైర్యమన్నాడు. డ్రైవరు మస్తాను కారు బయట నిలిపి, ఫోనులో సభ పెట్టుకుని కూచున్నాడు. అలా విన్నాను. బొంజన్న తెలుగులోనే మాట్లాడాడు. మా కొండకు బండి వెళ్లే దారి కావాలి, కింద ఒక అంబులెన్సు కావాలి, డాక్టరు రాత్రిళ్లు కూడా ఉండాలి అని అడిగాడు. ఎక్కడా తడబడలేదు. మంత్రిగారు లేచి, ఆ ప్రాంతం మీద ప్రభుత్వానికి ఎంతో ప్రేమ ఉందన్నాడు. అయితే ఈతగుమ్మి నుంచి ఆసుపత్రికి వస్తూ దారిలో చనిపోయినవారు రికార్డుల్లో ఎవరూ లేరు, రోగులంతా సకాలంలోనే చేరుతున్నారు, కాబట్టి ముందు అవసరం ఉన్న ఊళ్లకు ఇస్తున్నాం అన్నాడు.

ఫోనులో కాసేపు ఏ చప్పుడూ రాలేదు. మస్తాను నెట్టు పోయిందనుకుని ఫోను విదిలించాడు. నాకు తెలుసు, పోయింది నెట్టు కాదు. మా ఊళ్లో సిగ్నలు దొరికే బండ ఒకటుంది, ఇవాళ ఊరంతా దాని మీదే కూచుని ఉంటుంది. ముందు వరసలో దేవుడమ్మ ఉంటుంది. ఇప్పుడు నోరు మూసుకుంటే రోడ్డు పోతుంది. తెరిస్తే, ఇన్నేళ్లూ అన్నం పెట్టిన ఆ తల్లి ముఖం ఇక ఎలా చూడాలి? నేను కారు మీద తాళ్ల మధ్య బిగుసుకుపోయాను.

"అధ్యక్షా," అన్నాడు బొంజన్న, "ఆ రికార్డు తప్పు. తప్పు రాయించింది నేను. నా భార్య చిన్నాలు ఆసుపత్రిలో చనిపోలేదు. దారిలో పోయింది, నా చేతుల్లో పోయింది. చెప్తే మా ఊళ్లో ఇంకో ఇద్దరు పోతారని చెప్పలేదు. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెంతమంది పోతారో నాకు తెలీదు."

మస్తాను ఫోను ఒళ్లో పెట్టుకుని కళ్లు తుడుచుకున్నాడు. మంత్రిగారు తప్పక పరిశీలిస్తామన్నాడు. ఆ వెంటనే సభ ఇంకో సంగతిలోకి వెళ్లిపోయింది.

ఢిల్లీ నుంచి ఊరొచ్చి ఇంటికి చేరాక బొంజన్న నన్ను చూరు కింద కట్టలేదు. వాకిట్లో పడుకోబెట్టి, పక్కన తలొంచుకుని నిలబడ్డాడు. ఊరంతా చుట్టూ చేరింది. అప్పుడు బతికిన బాలింత ఉంది, ఆ పదేళ్లవాడు మీసాలొచ్చిన మనిషై నిలబడ్డాడు. సుక్రు ఒక మూల నేల చూస్తున్నాడు. దేవుడమ్మ గడప మీద కూచుని ఉంది. తిడుతుందనుకున్నాను. లోపలికెళ్లి తలుపేసుకుంటుందనుకున్నాను.

"ఎక్కడ?" అంది.

"ఊట కాడ అత్తా."

"ఆఖర్న ఏటన్నాది నా పిల్ల?"

బొంజన్న గడప కింద కూచున్నాడు. "దించీమన్నాది. 'మీ భుజాలు నొప్పెట్టేస్తన్నాయి కదా, కాసేపు దించండి' అన్నాది. నీళ్లు తాగి, 'అమ్మ పొయ్యి కాడ కూకున్నట్టుంది, కర్ర ఆ పొగ వోసనే ఒస్తంది' అనీసి కళ్లు మూసింది."

దేవుడమ్మ చాలాసేపు ఏడ్చింది. ఏళ్ల కిందట ఏడవాల్సింది కూడా అప్పుడే ఏడ్చినట్టుంది. తర్వాత అల్లుడి తల మీద చెయ్యేసింది.

"ఇన్నాల్లూ ఈ మాట నువ్వొక్కడివే దాసుకున్నావా నాయినా," అంది. "నా పిల్ల మాట నాకు సెప్పకుండా ఆ డాట్రబాబుల్ని తిట్టించినావు గదరా."

ఆచారం ఆలస్యమైనా జరగాల్సిందేనన్నారు పెద్దలు. నన్ను ఊట దగ్గరికి తీసుకెళ్లారు. ఒక కొస దేవుడమ్మే పట్టుకుంది. బండకు ఆనించి నిలబెట్టి వెళ్లిపోయారు. అప్పటి నుంచీ ఇక్కడే ఉన్నాను. ఎండా వానా తింటున్నాను. ఊరికి కొత్త కర్ర వచ్చింది. అది భుజాల మీద వెళ్తుంటే చూస్తాను. లొట్టది, పాపం, ఏం మోస్తుందో ఏమో.

రోడ్డు ఇంకా రాలేదు. అబద్ధం చెప్పడం దేనికి? ఢిల్లీ నుంచి కాగితం ఈ కొండెక్కడానికి డోలీ దిగడానికన్నా ఎక్కువ కాలం పట్టింది. కానీ మొన్న సర్వేవాళ్లొచ్చారు. గుర్తు పెట్టడానికి వాళ్ల దగ్గర కర్ర తక్కువైతే, ఒకతను నన్ను తీసి ఊట పక్కనే నేలలో పాతి, కొసకు ఎర్రగుడ్డ కట్టాడు. పోయిన మనిషి కర్రనని అతనికి తెలియదు.

సంతకు పోతూ దేవుడమ్మ ఆగింది. ఇదేంటని అడిగింది. రోడ్డు ఇటే మలుపు తిరుగుతుందమ్మా అన్నాడతను. ఆవిడ ఎర్రగుడ్డనూ నన్నూ మార్చి మార్చి చూసింది. సంతకు తీసుకెళ్తున్న మూటలోంచి పసుపు కొమ్ము ఒకటి తీసి, ఊట నీళ్లతో బండ మీద అరగదీసి, నాకు మొదలంటా రాసింది. ఈసారి మంట పుట్టలేదు.

చెయ్యి కడుక్కుని ఆ సర్వే అతనితో అంది: "ఈ కాడ కూసింత యెడల్పు ఎయ్యండి బాబూ. బండి ఆపుకుని, లోపలోళ్లకి నీళ్లు పట్టడానికి."