గట్టు మీద రెండు పిన్నులు

బస్సు దిగేసరికి ప్రవల్లిక నా బ్యాగును అప్పటికే తన భుజాన వేసుకుని నిలబడి ఉంది, నేనేమో ఆ బ్యాగు కోసమే ఇంకా సీటు కింద వెతుకుతున్నాను, ఈ రెండూ ఒకేసారి జరుగుతున్నందుకు మా ఇద్దరిలో ఎవరికీ వింతగా లేదు. బస్టాండు చాలా పెద్దది, కానీ ప్లాట్‌ఫారాలకు అంకెలు లేవు, అంకెలుండాల్సిన చోట మా తణుకు స్కూలు హాజరుపట్టీలోని పేర్లు వరసగా రాసి ఉన్నాయి, హిమజ అన్న నా పేరు పక్కన చిన్న టిక్కు కూడా ఉంది. వల్లి నన్ను ఎగాదిగా చూస్తోంది.

"వచ్చావా తల్లీ! మూడ్రోజుల సెలవుకి రమ్మంటే రెండేళ్ళు చేసేవు కదే," అంటోంది.

ఆమె చనిపోయిందని నాకు తెలుసు. రెండేళ్ళ కిందట ఆగస్టులో, ఈ హనుమకొండలోనే డిగ్రీ చదువుతూ, ఐదు రోజుల డెంగ్యూ జ్వరంతో పోయింది. అయినా బస్టాండుకు ఎదురొచ్చి బ్యాగు మోస్తున్న మనిషిని, వచ్చిన మొదటి నిమిషంలోనే, నువ్వు చచ్చిపోయావు కదే అని అడగడం మర్యాద కాదని నోరు కట్టేసుకుంటున్నాను. అది నాకు చేతకాని పని. స్కూల్లో సోషల్ మేడమ్ నాకు ఎంక్వైరీ కౌంటరని పేరు పెడితే, ఆ పేరుతో వల్లి నన్ను పదో తరగతి దాకా ఏడిపించింది.

"అడుగు, అడుగు. కడుపుబ్బిపోయేలా ఉన్నావ్," అంటుంది.

"ఇక్కడ ఆటోలుంటాయా?" అని అడుగుతాను, అన్నీ వదిలేసి.

ఆటో ఉంది, అందులో మేమప్పటికే కూర్చుని ఉన్నాం. డ్రైవరు వెనక్కి తిరగకుండానే "యాడికి పోవాలె బిడ్డా?" అంటాడు, వల్లి "గెస్టొచ్చిందన్నా, ఊరంతా చూపియ్యాలె" అని అతని యాసలోనే జవాబిస్తుంది, తణుకు దాటని నాలుకకు ఈ మాట ఎప్పుడు అబ్బిందో అని నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను. "గెస్టులకు మూడు దినాలే," అంటాడతను. "నాలుగో దినం ఉండనియ్యరు. ముందుగాలనే చెప్తున్న, మల్ల నన్ననొద్దు." ఎవరు ఉండనివ్వరని అడగబోయేసరికి ఆటో లేదు, మేం నడుస్తున్నాం, వీధికి రెండువైపులా జిరాక్సు షాపులు, ఒక షాపుకీ ఇంకో షాపుకీ మధ్య కోటలో ఉండాల్సిన రాతి తోరణాలు, వాటి కింద నుంచి పిల్లలు పుస్తకాలు గుండెకు హత్తుకుని క్లాసులకు పోతున్నారు. వాళ్ళంతా కూడా వల్లి లాంటివాళ్ళేనా, లేక కొందరు నాలా చూడ్డానికొచ్చినవాళ్ళా అని ముఖాలు పట్టి పట్టి చూస్తున్నాను గానీ తేడా తెలియడం లేదు.

"ఏం చదువుతున్నారే ఇక్కడ?"

"ఏమో. నేను ఫస్టియరే కదా. ఇంకా సబ్జెక్టు చెప్పలేదు."

"రెండేళ్ళయినా ఫస్టియరేనా?"

"ఇక్కడ తొందరేం లేదే బాబూ," అని ఒక జిరాక్సు షాపులోకి దూరుతుంది. మిషనులోంచి కాయితాలు వచ్చి పడుతున్నాయి, ఒకటి తీసి చూస్తే అప్పట్లో వల్లి నాకు ఫోన్లో పంపిన ప్లాను, శనివారం కోట, ఆదివారం భద్రకాళి చెరువు, సోమవారం ఎక్కడికీ వెళ్ళకుండా పడుకుని కబుర్లు. అదే కాయితం వంద, రెండొందలు, ఆగకుండా వస్తోంది, షాపతను అడ్డంగా నిలువుగా పేర్చి తాడుతో కడుతున్నాడు. ఇన్నెందుకంటే, రాలేకపోయినవాళ్ళు చాలామంది ఉంటారు కదే అంటుంది. ఆ మాట నాకు గుచ్చుకుంటుంది, ఎందుకంటే నేను ఈ ఊరికి నిజంగా అడగడానికి వచ్చింది ఒక్కటే.

ఆ సంగతి చెప్పాలి. జ్వరం వచ్చిన రెండో రోజు, మంగళవారం, వల్లి నాకు వీడియో కాల్ చేసింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, పెదాలు ఎండిపోయి ఉన్నాయి, "మామూలు జ్వరమేనే, మా అమ్మకి మాత్రం చెప్పకు, చెప్పేవంటే అర్జెంటుగా బండెక్కి వచ్చేసి నన్ను ఇంటికి లాక్కుపోతాది," అంది. ఒట్టెయ్యమంది. ఎదురుగా లేవు కదే అంటే, నీ తల మీద నువ్వే చెయ్యి పెట్టుకుని నా పేరు చెప్పమంది, నేను విశాఖలో మా హాస్టలు మెట్ల మీద కూర్చుని నెత్తిన చెయ్యి పెట్టుకున్నాను. గురువారం ఆస్పత్రిలో చేర్చారు. శుక్రవారం పొద్దున నేను బయల్దేరాల్సిన వేళకి కబురొచ్చింది. ఒట్టు వేయించుకున్నవాళ్ళే తియ్యాలి, ఇంకెవరు తీసినా పోదు, అందుకని అది నా నెత్తి మీదే ఉండిపోయింది, వాళ్ళమ్మ మంగతాయారు ఆంటీకి ఎదురుపడి ఈ మాట చెప్పలేక సెలవులకి ఇంటికెళ్ళినా వాళ్ళ వీధిలోకి పోవడమే మానేశాను.

ఆ ఒట్టు తియ్యమని ఇప్పుడు అడగాలి. కానీ రోడ్డు పక్క బండి దగ్గర ఒకామె సర్వపిండి కాలుస్తూ మమ్మల్ని పిలుస్తోంది, వేడివేడిగా ఆకులో పెట్టి వల్లికి ఇస్తోంది, నా వైపు చూసి మాత్రం చెయ్యి వెనక్కి తీసుకుని నా నుదురు ముట్టుకుంటోంది. "దీనికి జరమున్నది కదనే. జరమోళ్ళకు పెట్టద్దు."

"నాకు జ్వరం లేదండీ. జ్వరం దీనికి," అంటున్నాను.

"దానిది తగ్గిందిగా," అంటుందామె, నన్నొక పిచ్చిదాన్ని చూసినట్టు చూసి. వల్లి నవ్వుతూ నా ముందే మొత్తం తినేస్తోంది, కొంచెమైనా పెట్టవే అంటే వేళ్ళు నాకి చూపిస్తోంది, బతికున్నప్పుడూ అంతే, తిండి దగ్గర స్నేహం లేదు దీనికి.

హాస్టలు అంటూ నన్నొక మెట్లదారిలో దింపుతోంది, ఎక్కాల్సిన మెట్లు దిగుతున్నాయేమిటని ఆలోచిస్తుండగానే మెట్ల చివర మా తణుకు కాలువ. హనుమకొండ నడిబొడ్డున గోదావరి కాలువ నిండుగా పారుతోంది, గట్టు మీద తడి మట్టి వాసన, అవతలి ఒడ్డున మళ్ళీ జిరాక్సు షాపులు. ఇద్దరం చెప్పులు విడిచి గట్టున కూర్చుంటాం. ఎండ ఉంది గానీ పొద్దు ఎటుందో తెలియదు.

"భయమేసిందా?" అని అడుగుతాను. ఇన్నిటిలోకీ ముందు ఈ మాటే ఎందుకొచ్చిందో నాకు తెలియదు.

ఆలోచిస్తుంది. "లేదే. నర్సమ్మాయి చాలా బాగా చూసుకుంది. పేరు అడుగుదామనుకున్నా, ఈలోగా నిద్రొచ్చేసింది."

నాకు ఏడుపొస్తోంది. ఆ అమ్మాయి పేరు నేను కనుక్కుంటానని అంటాను, ఎందుకే ఇప్పుడు, అంటుంది. కాలువలో ఒక ప్లాస్టిక్ మగ్గు కొట్టుకుపోతోంది, అది కనబడనంత దూరం పోయేదాకా ఇద్దరం చూస్తాం.

"వల్లీ, నీకో మాట చెప్పాలే."

"అడగమంటే గంటలకొద్దీ అడుగుతావ్. చెప్పడానికేమో ఇంత గింజుకుంటావ్. చెప్పు."

"నేను మీ అమ్మకి చెప్పకుండా ఆగింది ఒట్టు కోసం కాదే. ఒట్టుదేముంది, చిన్నప్పట్నుంచి నువ్వేయించుకున్నవి సగం నిలబెట్టుకోలేదు. టికెట్ చేయించేసుకున్నా, కొత్త డ్రెస్సు కుట్టించుకున్నా. ఆంటీకి చెప్తే నిన్ను ఇంటికి తీస్కెళ్ళిపోద్ది, నా ట్రిప్పు పోద్ది. అందుకే నోరు మూసుకున్నా. నాకు ఈ ఊరు చూడాలనుంది. అంతేనే, ఇంకేం లేదు."

రెండేళ్ళుగా ఎవరికీ చెప్పని మాట, నాకు నేను కూడా పూర్తిగా చెప్పుకోనిది, ఇంత చిన్నదా అని నాకే ఆశ్చర్యంగా ఉంది. వల్లి కోపగించుకుంటుందని ఎదురు చూస్తున్నాను, కోపగించుకుంటే బాగుండునని కూడా ఉంది.

"మరి నేనెందుకు వేయించుకున్నాననుకున్నావే?" అంటుంది. "నువ్వొస్తున్నావనే. అమ్మొస్తే ఇంటికి పట్టుకుపోతాదనే. నాకూ నీకు ఊరు చూపించాలనే ఉంది. అది తప్పయితే ఇద్దరిదీ." నా వైపు జరిగి, "ఇలా రా. తల ఇటు పెట్టు," అంటుంది.

తల వంచుతాను. జుట్టులో వేళ్ళు పెట్టి వెతుకుతోంది, చిన్నప్పుడు పేలు చూసినట్టే చూస్తోంది, ఒక చోట చురుక్కుమంటుంది, చేతిలో నల్లటి పక్కపిన్ను. ఇంతేనా అంటాను. ఇంతే అంటుంది. దాన్ని తన గౌనుకు తుడిచి గట్టు మీద పెడుతుంది, అప్పుడు చూస్తాను, దాని పక్కనే ఇంకొకటి ఉంది, పక్కపిన్ను కాదు, పెద్దవాళ్ళు ముడి జారకుండా గుచ్చుకునే రెండు కాళ్ళ పిన్ను, కొంచెం వంగి ఉంది, చాలారోజులుగా అక్కడే ఉన్నట్టు సగం మట్టిలో దిగి ఉంది.

"అదెవరిదే?"

"నీకెందుకు?"

"చెప్పవే! ఇంకెవరికో కూడా పెట్టేవన్నమాట ఒట్టు. ఎవరికి? ఎప్పుడు?"

"ఎంక్వైరీలు ఇక్కడ చెల్లవు. నేను తీసి చాలారోజులైంది, దానివాళ్ళకే ఇంకా తెలీదు," అని లేచి నిలబడి బట్టలకంటిన మట్టి దులుపుకుంటోంది. ఎక్కడో గంట కొడుతున్నారు. క్లాసుకు టైమయిందంటుంది. ఏ క్లాసు, ఎవరు చెప్తారు, నువ్వు ఏ బెంచీలో కూర్చుంటావు, నేనూ రావచ్చా, అని అడుగుతూ వెనకాలే పరిగెత్తుతున్నాను, ఆమె నా బ్యాగు నా భుజానికే తగిలించి, గెస్టులు గెస్టుల్లా ఉండాలే అంటూ మెట్లెక్కుతోంది, ఒక్కొక్క మెట్టూ ఆమె కాలు తీయగానే నీళ్ళలా మారిపోతోంది, నేను కాలు పెట్టబోతే నిలవడం లేదు.

మెలకువ వచ్చేసరికి శనివారం మధ్యాహ్నం నాలుగవుతోంది. నస్రీన్ వాళ్ళ గది. నస్రీన్, జ్యోత్స్న, ఇద్దరూ మా స్కూలు సీనియర్లే, ఇక్కడ పీజీ కోర్సులో చేరి ఈ ఏడాదే ఈ గది తీసుకున్నారు, సోమవారం దాకా సెలవులున్నాయి రమ్మని వాళ్ళు నెల రోజులుగా పోరితే నిన్న వచ్చాను. పొద్దున కోటంతా తిరిగి వచ్చి, అన్నం తిని, చాప మీద ముగ్గురం ఎలా పడ్డవాళ్ళం అలా నిద్రపోయాం. వాళ్ళింకా లేవలేదు. నేను ఫోను పట్టుకుని బాల్కనీలోకి వెళ్ళి, ఆలోచించుకుంటే మళ్ళీ మానేస్తానని, వెంటనే మంగతాయారు ఆంటీ నంబరు నొక్కాను.

మూడో రింగుకే ఎత్తింది. మాట ముద్దముద్దగా వినిపించింది. "ఎవరూ? హిమజా? ఉండమ్మా, ముడేసుకుంటన్నాను, నోట్లో పిన్నుంది." అది తీసి ఎక్కడో పెట్టిన చిన్న చప్పుడు వినబడింది. అప్పటికే ఏడుస్తున్నానేమో తెలియదు, ఎలా ఉన్నారని కూడా అడగకుండా మొత్తం చెప్పేశాను, మంగళవారం వీడియో కాల్, నెత్తి మీద చెయ్యి, టికెట్టు, కొత్త డ్రెస్సు, అన్నీ.

ఆంటీ ఫోను పెట్టేసిందేమోనని ఒకసారి చూసుకున్నాను.

"నాకు తెలుసమ్మా జ్వరవని," అంది చివరికి. "సోంవారవే నాకు ఫోన్ చేసింది. బయల్దేరతానంటే రావద్దని నాకు ఒట్టెట్టింది. శుక్కురారం హిమజొచ్చేస్తంది, అది చూసుకుంటాది, నువ్వొస్తే మా సరదా పాడైపోతాదమ్మా అంది. నువ్వున్నావు కదాని నేను ఆగిపోయేను. కన్నతల్లిని అయ్యుండి ఎందుకు ఆగేవని నువ్వు అడుగుతావేమోనని... రెండేళ్ళ నుంచీ నీకు ఫోన్ చెయ్యాలంటే భయం నాకు. నువ్వు మా వీధిలోకి రాపోతే, నా మీద కోపవనే అనుకున్నాను తల్లీ."

కింద రోడ్డు మీద ఆటోవాడు ఎవరితోనో గొడవపడుతున్నాడు. లోపల నస్రీన్ లేచి, ఎవరే అని నిద్ర గొంతుతో అడుగుతోంది.

"ఎక్కణ్ణించమ్మా మాటాడుతున్నావ్?" అంది ఆంటీ, ముక్కు చీదుకుని.

"హనుమకొండ నుంచండీ."

"ఆ ఊరేనా! ఎలా ఉంటాదమ్మా? దాని నోట వినడవే గానీ, ఆ రోజు ఆస్పత్రి తప్ప నేనేం చూళ్ళేదు."

"వచ్చెయ్యండి ఆంటీ. ఇంకా రెండు రోజులు సెలవుంది. నేను స్టేషన్‌కొస్తాను. అది నాకు చూపిస్తానన్నవన్నీ నాకు తెలుసు, ఇద్దరం చూద్దాం. దాని ఒట్టు పోయిందండీ, నిజంగా పోయింది, రండి."

అవతల మళ్ళీ ఆ పిన్ను చప్పుడు, ఈసారి తీసుకున్న చప్పుడు. ముడి చుట్టుకుంటున్నట్టుంది, ఊపిరి బరువుగా వినిపించింది.

"ఏ బండెక్కాలమ్మా?" అంది.